మా తమ్ముడు వెచ్చబడిన చలికాలం

మా తమ్ముడు సామేలు సీలేరు నుంచి వస్తే వట్టి చేతులతో రాడు. ఒకసారి ఎండుచేపలు తెస్తాడు, ఇంకోసారి కొండతేనె తెస్తాడు. అక్కడ జలవిద్యుత్ కేంద్రంలో వాడి ఉద్యోగం. జీపులు మారి, ఘాట్లు ఎక్కి దిగి, నడుం పట్టుకుంటూ వచ్చి, అరకు స్టేషన్ బయట ఉన్న నా టీ కొట్టు ముందు కుర్చీలో కూలబడతాడు. మొన్న చలికాలంలో వచ్చినప్పుడు మాత్రం వాడి సంచిలోంచి చేపల వాసన రాలేదు. కొత్త కాగితం వాసన వచ్చింది. పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం తీసి, బల్ల మీద బిస్కెట్ల సీసా పక్కన నిలబెట్టాడు.

"ఇదేట్రా?" అన్నాను.

"నిన్ను పడగొట్టినోడు. మళ్లీ కుస్తీ పట్టు," అన్నాడు.

నేను ఏడో తరగతి సగంలో బడి మానేసిన మనిషిని. మనవలను ఎత్తుకునే వయసులో ఓపెన్ స్కూల్లో చేరి పదో తరగతి పరీక్షలు రాశాను. తెలుగు, లెక్కలు, సోషల్ నన్ను దయతలిచి వదిలేశాయి. సైన్సు వదల్లేదు. ఆ సంగతి ఊరంతా తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. పక్కకొట్టు సుబ్బారావు, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ కిరాణా పెట్టుకున్న మనిషి, రోజూ టీ తాగుతూ అడుగుతాడు, "ఏటమ్మా రూతమ్మా, పాసై కలెక్టరవుతావేటి?" అని. కలెక్టరైతే నీకు టీ ఎవరు పోస్తారు, నీ మేలు కోరే తప్పానని చెబుతాను. ఎన్ని నవ్వులాటలాడినా లోపల మాత్రం ఒక్కటే పట్టుదల. ఆ సైన్సు రాయకుండా నేను పోను. సామేలుకు అది తెలుసు. తన వల్లే నా చదువు పోయిందని వాడికి ఊహ వచ్చినప్పటి నుంచీ ఒక ముల్లు గుచ్చుకుని ఉంది. ఎన్నిసార్లు పీకినా మళ్లీ తనే తెచ్చి గుచ్చుకుంటాడు.

పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే ఉష్ణం. వస్తువు ఉష్ణోగ్రత దానిలోని అణువుల సరాసరి గతిజశక్తికి అనులోమానుపాతంలో ఉంటుందట. ఆ వాక్యం చివరిదాకా వెళ్లేసరికి నాకు రెండుసార్లు ఊపిరి అందలేదు. పోయినసారి పరీక్షలో నన్ను తన్ని తరిమేసింది ఇదే. కానీ ఆ పూట, పాలు పొంగుతుంటే మంట తగ్గిస్తూ మళ్లీ చదువుకుంటే, ఇది నాకు కొత్త మాట కాదనిపించింది. దీన్ని నేను ఒక చలికాలమంతా గుండెల మీద మోశాను. ఆ మోసిన బరువే ఇప్పుడు ఎదురుగా కూర్చుని బన్ను టీలో ముంచుకు తింటున్నాడు.

ఆ రోజుల్లో మా ఇల్లు మిషన్ చర్చి వెనక, రైలు కట్టకు దగ్గర. మా తాత మిషన్ వంటవాడిగా కిందనుంచి కొండెక్కాడు. అయ్య రైల్వేలో ట్రాలీమేన్. ఇంజినీరు కూర్చునే చిన్న బండిని పట్టాల మీద తోసుకుంటూ పోవడం, పల్లం వస్తే తానూ ఎక్కి కూర్చోవడం ఆయన పని. ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి వాసన, తడికట్టెల పొగ, దాని మీద మామ్మ చుట్ట వాసన. మా నాయనమ్మను మేం మామ్మ అనేవాళ్లం. ఆమెది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు ముసలమ్మలకు అదొక విద్య. పాస్టరుగారు వస్తున్నారని తెలిస్తే మామ్మ నోరు మూసుకుని కూర్చునేది. ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ లోపల నిప్పు, ముక్కులోంచి సన్నగా పొగ. ఆయన కళ్లు మూసుకునే ప్రార్థించేవాడు కాబట్టి మామ్మ రక్షణ పొందింది.

అప్పుడు మా బడిలో పుష్ప టీచరని ఒకావిడ ఉండేది. చలికి మా పలకలు కూడా వణికే పొద్దుల్లో, మమ్మల్ని గదిలో కూర్చోబెట్టడం ఇష్టంలేక బయట మట్టినేల మీద పెద్ద ముగ్గు గీసి అందులో నిలబెట్టింది. లోకంలో ప్రతి వస్తువూ కంటికి కనబడని అణువులతో అయ్యిందని, అవి ఒక్క క్షణం కూడా ఊరుకోవని చెప్పింది. మీరే అణువులు, అంది. ఉన్నచోటే వణకండి అంటే మంచుగడ్డ. తిరగండి అంటే నీళ్లు. పరిగెత్తండి అంటే ఆవిరి. ఆవిరి నా వృత్తి. ముగ్గు దాటి, బడి దాటి, చర్చి గంట దాకా పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అందరికీ చెమటలు. "చూశారా, కదలికే వేడి," అంది టీచరు. ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. అది ఎంత తిన్నగా దిగిందో, ఎంత వంకరగా దిగిందో కొన్నాళ్లకే తెలిసింది.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైన రోజుల్లో సామేలు పుట్టాడు. ఇంకా రెండు నెలలు కడుపులో ఉండాల్సినవాడు. మా మేనత్త ఎస్తేరు మిషన్ ఆస్పత్రిలో నర్సు. తనే పురుడు పోసింది. బిడ్డను గుడ్డలో చుట్టి చూపిస్తే నాకు తొక్క తీసిన చిలగడదుంప గుర్తొచ్చింది. అమ్మకు నెత్తురు చాలా పోయింది. మంచంలో గోడ రంగులో పడి ఉంది. అత్త థర్మామీటరు విదిలించి బిడ్డ చంకలో పెట్టి, తీసి, కిటికీ దగ్గర వెలుగులో తిప్పి తిప్పి చూసింది. పాదరసం మొదటి గీత దాకా కూడా ఎక్కలేదు.

"పట్నంలో అద్దాలపెట్టె ఉంటాదట కదే, అందులో పెడితేనో?" అన్నాడు అయ్య.

"ఉంటాది. ఈ చలిలో బండెక్కించి దించితే పెట్టెలో పెట్టడానికి ఏటి మిగుల్తాదన్నా?" అంది అత్త. థర్మామీటరు కొంగుతో తుడుస్తూ, "ఈ గుంటడు ఆ గీత దాటాలి. దాటితే పాలు తాగుతాడు. పాలు తాగితే బతుకుతాడు," అంది. ఆ మూడు ముక్కల్లో మా ఇంటి సంగతంతా ఉంది. ఆ రోజు నుంచి మా అందరి బతుకూ ఆ గీత కిందే.

బిడ్డ వణకట్లేదని మామ్మకు భయం. "సలికి వణకడం కూడా రాదేటమ్మా ఈడికి," అని పొయ్యి దగ్గర కూర్చుని గొణుక్కుంది. అంత చిన్నపిల్లలకు వణుకు రాదని అత్త చెప్పింది. నాకు వెంటనే టీచరు ముగ్గు గుర్తొచ్చింది. వాడంతట వాడు వణకలేకపోతే నేను వణికిస్తాను. అత్త ఆస్పత్రికి వెళ్లగానే, వాసానికి కట్టిన చీర ఉయ్యాల్లో వాణ్ని పడుకోబెట్టి, అంచుకు తాడు కట్టి, ఊపడం మొదలుపెట్టాను. జోలపాటకు ఊపే ఊపు కాదు. వాడి అణువులన్నిటికీ పని చెప్పే ఊపు. పూటంతా ఊపాను. నాకు చెమట పట్టింది. పాఠం పనిచేస్తోందని సంబరపడ్డాను. చెమట నాకు పట్టింది, వాడికి కాదని గమనించే తెలివి ఏడో తరగతిలో చెప్పరు.

అత్త వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏటే గుంటా, తమ్ముడికి పంకా కట్టి విసురుతున్నావేటి?" అంది. గబగబా వాణ్ని తీసి, పాదాలు పట్టుకు చూసింది. పొద్దుటికంటే చల్లగా ఉన్నాయి. అటూ ఇటూ ఊగుతుంటే చీర సందుల్లోంచి కొత్త చలిగాలి తగులుతూనే ఉంది మరి. నేను కదలికే వేడని టీచరు చెప్పిందని వాదించాను. పైగా నా అనుమానం ఒకటి అడిగాను. "మరి నువ్వు థర్మామీటరు విదిలిస్తే పాదరసం కిందకెందుకు దిగుతాది? కదిపితే వేడెక్కాలి కదా."

"దాన్ని విదిలించకపోతే ఎక్కినకాడే కూకుంటాది, అందుకు. నీ నోరు కూడా అంతే, ఎవులో ఒకరు విదిలించాలి," అంది అత్త.

అయ్య నన్ను తిట్టలేదు. తలపాగా విప్పుతూ, "ఒలే రూతూ, నాను ట్రాలీ తోత్తన్నప్పుడు ఒల్లంతా సెమట. పల్లంలో దానిమీద ఎక్కి కూకున్నాననుకో, బండి గుర్రంలాగ పోతాది, నా ముక్కు ఊడిపోద్ది సలికి. బండి పోతే నాకేటొచ్చింది? నాను తోత్తేనే నాకు వేడి," అన్నాడు. అప్పుడు నాకది సగమే అర్థమైంది. మిగతా సగం కోసం ఇన్నేళ్లు పట్టింది.

అంతలో అత్త ఒక నిర్ణయానికి వచ్చేసింది. వాణ్ని గుడ్డల్లో చుడితే లాభం లేదు, గుడ్డ ఉన్న వేడిని ఆపుతుందే కానీ లేని వేడిని తేలేదు. ఒంటికి ఒళ్లు తగిలేలా, ఎవరో ఒకరు రొమ్ము మీద పెట్టుకుని, పైన దుప్పటి చుట్టుకుని ఉండాలి. పొద్దూ మాపూ. అమ్మ ఒళ్లే చల్లబడి ఉంది. మరి ఎవరు? అత్త అందరికీ వరసగా థర్మామీటరు పెట్టింది. అయ్యకూ నాకూ ఒకే గీత. లావైనా సన్నమైనా, ముసలైనా పిల్లైనా అదే గీతని అత్త అంటుంటే నాకు నమ్మకం కుదర్లేదు. నాకేదో ఎక్కువ వస్తుందని ఆశ. తర్వాత మామ్మ వంతు. చంకలో వద్దు, పట్టదు, నోట్లో పెట్టు అంది. పెట్టి తీసి చూసిన అత్త మొహం పాలిపోయింది. పాదరసం చివరి గీత దగ్గర నిక్కి నిలబడి ఉంది.

"అమ్మా, ఇంత జొరంతో ఎలగ కూకున్నావే?" అంది అత్త.

"జొరమేటి, నాకేటయింది?" అంది మామ్మ, నోటిమూల నుంచి పొగ వదులుతూ. అత్త తన దగ్గరికి వచ్చే ముందే చుట్ట తీసి చీరకొంగు వెనక దాచింది. "సూసావా, ఇంట్లో అందరికన్నా నానే ఎచ్చగున్నాను. బిడ్డని నాకియ్యి."

అన్నాళ్లకు మా ఇంట్లో నవ్వు వినబడింది. అమ్మ కూడా మంచంలోంచి నవ్వింది. ఇవాళ ఆలోచిస్తే, చుట్ట కొస మీద అణువులు పూనకం వచ్చినట్టు గెంతుతూ ఉంటాయి, కాని ఉన్నవి పిడికెడే. వాటితో మామ్మ నోరు కాలుతుంది కాని బిడ్డ ఒళ్లు కాగదు. గెంతే జోరు ఒకటి, గెంతేవాళ్ల మంద ఇంకొకటి. పుస్తకం మొదటిదాన్ని ఉష్ణోగ్రత అంటుంది. రెండూ కలిస్తేనే ఒకరి నుంచి ఇంకొకరికి ఇవ్వగలిగిన వేడి.

పొగ నోరున్న మామ్మకు బిడ్డను ఇవ్వనంది అత్త. అయ్యకు డ్యూటీ. అత్తకు ఆస్పత్రి. అందరం ఒకే గీత మీద ఉన్నప్పుడు మిగిలింది ఎవరికి తీరిక ఉందన్న ప్రశ్నే. ఎవరూ నన్ను అడగలేదు. అడిగేలోపే నేను స్వెట్టరు విప్పేశాను. "నేనుంటాను. బడికి తర్వాతెళ్తాను," అన్నాను. అయ్య పొయ్యిలో కట్టె సర్దాడు.

అలా నేను మా ఇంటి కుంపటినయ్యాను. మిషన్‌వాళ్లు పంచిన పెద్ద స్వెట్టరు, దాని లోపల వాడు, పైన మామ్మ పాత చీర రెండు చుట్లు. నా గడ్డం కింద వాడి తల. నేను నడిస్తే రెండు తలల మనిషి నడిచినట్టు ఉండేదట. అందులోనే తినడం, అందులోనే కునకడం. వాడు ఒంటికి పోసిందంతా నా మీదే పోశాడు. చాలా వెచ్చగా ఉండేది, అది మాత్రం ఒప్పుకుంటాను. అత్త పొద్దునా సాయంత్రం వచ్చి థర్మామీటరు పెట్టేది. మేమంతా కిటికీ దగ్గర ఆమె చుట్టూ మూగేవాళ్లం. గీత అందలేదు. మర్నాడూ అందలేదు. అమ్మ పిండిన పాలు దూదితో పెదాలకు తడిపితే కారిపోయేవి. నేను వాడి చెవిలో రోజూ తిట్టేదాన్ని. "ఒరే, నేను ఆవిరిని. ఈ పక్కకు రా. మంచుగడ్డలాగ కూకోకు."

అప్పుడే పుష్ప టీచరు ఇంటికి వచ్చింది, బడికి ఎందుకు రావట్లేదని. గుమ్మంలో నన్ను చూసి, మెడ దగ్గర రెండో తలను చూసి, అడగాల్సింది మరిచిపోయింది. ఉయ్యాల సంగతి నేనే చెప్పాను. టీచరు నవ్వలేదు. పక్కన కూర్చుని, "తప్పు నాదే రూతూ, సగమే చెప్పాను," అంది. "ఉయ్యాల ఊపితే వాడి అణువులన్నీ కలిసి ఒకేవైపు వెళ్లి ఒకేవైపు వస్తాయి. ఒకదాన్నొకటి గుద్దుకునే జోరేమీ పెరగదు. ఇప్పుడు చూడు. నీ ఒంట్లో అణువులు జోరుగా కొట్టుకుంటున్నాయి, వాడి ఒంట్లోవి నెమ్మదిగా. తోలుకు తోలు తగిలినచోట నీవి వాడివాటిని గుద్దుతున్నాయి. గుద్దించుకున్నవి పక్కవాటిని గుద్దుతాయి. నువ్వు కదలకుండా కూర్చున్నా నీ అణువులు పనిచేస్తూనే ఉంటాయి." వెళ్తూ వెళ్తూ వాడి టోపీ సర్దింది. బడికి రమ్మని మాత్రం అనలేదు.

ఆ మాట మీద నేను ఆ చలికాలం గడిపేశాను. పెద్దయ్యాక సంతలో నిలబడినప్పుడూ, మా పక్కూరి ఆడవాళ్లతో చేతులు కలిపి థింసా ఆడినప్పుడూ ఆ మాటే తలుచుకునేదాన్ని. థింసాలో అందరం కలిసి ముందుకి, కలిసి వెనక్కి. ఎంత వేగంగా తిరిగినా ఒకరినొకరు గుద్దుకోం. అది ఉయ్యాల, అది అయ్య ట్రాలీ. సంత అలా కాదు. ఒకడు మేకతో పరిగెడతాడు, ఒకావిడ పసుపు బుట్టతో నెమ్మదిగా వెళ్తుంది, ఎవరి దారి వాళ్లది, అందరూ అందరినీ గుద్దుతారు. పరిగెత్తేవాళ్లూ ఉంటారు, నిలబడి బేరమాడేవాళ్లూ ఉంటారు, మొత్తం మీద సంతకు ఒక జోరు ఉంటుంది. ఆ సరాసరి జోరే ఉష్ణోగ్రత. థింసా ఎంత జోరుగా సాగినా అది ఉష్ణోగ్రత కాదు. పరీక్షలో ఇలాగే రాస్తానని సామేలుతో అంటే, సంత, థింసా అన్న మాటలు తీసేసి రాయమన్నాడు. తీసేస్తే ఏం మిగులుతుందిరా అన్నాను.

ఒక పొద్దున అత్త థర్మామీటరు తీసి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. మేం అడగడానికి భయపడ్డాం. తిరిగి మా వైపు చూసి, "దాటాడు," అంది. అంతే. అమ్మ లేచి కూర్చుంది. ఆ పూట దూదితో తడిపిన పాలు కారలేదు, లోపలికి వెళ్లాయి. మామ్మ సంతోషం పట్టలేక పాస్టరుగారు ఎదురుగా ఉండగానే చుట్ట వెలిగించింది.

అదే సంబరంలో, బిడ్డకు నీళ్లు పోస్తామని, నీళ్లకు జొరం ఉందో లేదో చూస్తానని, మామ్మ ఆ థర్మామీటరును కాగులోని మరిగే నీళ్లలో ముంచింది. టప్పుమంది. ఆస్పత్రి సొమ్ము. పాదరసం కాగు అడుగుకు జారి వెండి పూసల్లా అటూ ఇటూ పరిగెత్తింది. ముట్టుకోకండని అత్త అరిచి, ఆ నీళ్లు దూరంగా గోతిలో పోయించి, కాగు కూడా పాతిపెట్టించింది. ఆ తర్వాత మా ఇంట్లో థర్మామీటరు లేదు. అత్త నాకు చెయ్యి తిప్పి, వేళ్ల వెనక భాగం వాడి మెడ వెనక ఆనించి చూడడం నేర్పింది. ఇదే నీ థర్మామీటరు, ఇది మామ్మకు ఇవ్వకు, అంది.

చలి పోయింది. అమ్మ లేవడానికి ఎండాకాలం వచ్చింది. అప్పటికి పరీక్షలు అయిపోయాయి, తర్వాత ఏడాదికి ఇంటిపని నా చేతికి అంటుకుపోయింది. బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఎవరడిగినా నేనేనాడూ తిన్నగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు మా ఆస్పత్రిలో పుట్టిన పిల్లల్ని వెచ్చటి దీపం కింద పెడతారు. అంకె ఎర్రగా వెలుగుతుంది, ఎవరూ కిటికీ దగ్గరకు పరిగెత్తరు. జొరం చూడాలంటే నుదుటికి తుపాకీ గురిపెడతారు. అయినా నర్సమ్మలు తల్లులకు బిడ్డను రొమ్ము మీదే పెట్టుకోమని చెబుతున్నారు, దానికో పేరు కూడా ఉందట. అద్దాల బోగీల్లో వచ్చే టూరిస్టులు నా కొట్టు ముందు చేతులు రుద్దుకుంటూ, "అమ్మా, ఇవాళ ఎన్ని డిగ్రీలు?" అని అడుగుతారు, ఫోన్లో ఉన్న అంకెను నాతో సరిచూసుకోవడానికి. ఆ రోజుల్లో మాకు ఒక్క గీతే ఉండేది. దానికి ఇటా అటా, అంతే. సుఖంగా ఉన్నది ఇప్పుడే. అబద్ధమెందుకు, ఆ చలిని నేను కోరుకోను. కానీ ఒక గీత కోసం అంతమంది ఒక కిటికీ దగ్గర ఊపిరి బిగపట్టి నిలబడడం మళ్లీ చూడలేదు.

సామేలు వెళ్లిపోయే పొద్దున మంచు కొట్టు లోపలికి వచ్చేసింది. నన్ను ప్రశ్నలు అడుగుతూ అడుగుతూనే వాడు కుర్చీలో కునికాడు, పుస్తకం ఒళ్లో తెరిచి. వేడి వస్తువు చల్లని వస్తువును తాకితే ఏమవుతుంది? వేడిదాని నుంచి చల్లనిదానికి ఉష్ణం వెళ్తుంది, రెండూ ఒక్కటయ్యేదాకా. ఆ జవాబు నాకు వచ్చు. గ్లాసులు కడిగిన చేతులు కొయ్యబారిపోయి ఉన్నాయి. వెనగ్గా వెళ్లి, పాత అలవాటుగా, చెయ్యి తిప్పి వాడి మెడ వెనక ఆనించాను.

వాడు కళ్లు తెరవలేదు. "బతికే ఉన్నానే అక్కా," అన్నాడు.

"నీ సంగతి ఎవడికి కావాలిరా. నా చెయ్యి వెచ్చబెట్టుకుంటున్నాను, కదలకు," అన్నాను.

వాడు కదల్లేదు. పుస్తకం తీసి నా రెండో చేతిలో పెట్టాడు.